డిస్కు నొప్పికి డీకంప్రెషన్: వారానికి ఎన్ని సిట్టింగులు, మొత్తం ఎన్నాళ్లు?

చండూరు నేతకారుడు:

అందరికీ నమస్కారం. మాది నల్లగొండ జిల్లా చండూరు. నా వయసు 42. చిన్నతనం నుంచి గుంట మగ్గం మీద చీరలు నేయడమే నా పని. నడుము నొప్పి నాకు కొత్త కాదు. సాయంత్రం మగ్గం దిగి కాసేపు వెల్లకిలా పడుకుంటే తగ్గిపోయేది. అయితే దసరా గిరాకీ కోసం రాత్రిళ్లు కూడా నేసిన తరువాత నొప్పి నడుమును వదిలి కాలిలోకి దిగింది. ఎడమ పిరుదులో మొదలై, తొడ వెనుక నుంచి పిక్క పక్కగా వచ్చి బొటనవేలి దాకా గుంజుతున్నది. పొద్దున చెప్పు తొడుక్కునేటప్పుడు ఆ వేలి మీద స్పర్శ మొద్దుబారినట్లు తెలుస్తున్నది. దగ్గినా, తుమ్మినా కాలంతా జివ్వుమంటున్నది.

ఎమ్మారై తీయిస్తే ఎల్ 4, ఎల్ 5 పూసల మధ్య డిస్కు ఉబ్బి, ఎడమవైపు నరాన్ని ఒత్తుతున్నదని రాశారు. ఆపరేషన్ ఇప్పుడే అవసరం లేదని ఎముకల డాక్టరు గారు చెప్పారు. తెలిసినవారు చెప్పగా హైదరాబాద్‌లో, యంత్రంతో నడుమును లాగి డిస్కు మీది ఒత్తిడి తగ్గించే ఒక డీకంప్రెషన్ కేంద్రానికి వెళ్లాను. అక్కడ మొత్తం 24 సిట్టింగులు తప్పనిసరి అన్నారు: మొదటి రెండు వారాలు వారానికి 5, తరువాతి రెండు వారాలు వారానికి 4, చివరి రెండు వారాలు వారానికి 3. మధ్యలో ఒక్కటి తప్పినా చేసినదంతా వృథా అవుతుందని, డబ్బు మొత్తం ముందే కట్టాలని, కోర్సు అయ్యాక కూడా నెలకొకసారి వస్తూనే ఉండాలని చెప్పారు. నల్లగొండలో ఒక ఫిజియోథెరపీ క్లినిక్‌లో అడిగితే మామూలు ట్రాక్షన్ రోజూ పెడతామని, 10 రోజులు చాలునని అన్నారు. మా బావగారు మాత్రం వారానికి ఒక్కసారి పెట్టించుకుంటే సరిపోతుందని, ఆయనకు అలాగే తగ్గిందని అంటున్నారు.

ఒకే నొప్పికి ఇంత తేడాగా ఎందుకు చెప్తున్నారో నాకు బోధపడలేదు. మగ్గం ఆగితే ఇల్లు గడవడం కష్టం, కాబట్టి డబ్బు కట్టే ముందు అడుగుతున్నాను. అసలు ఈ చికిత్స వారానికి ఎన్నిసార్లు చేయించుకోవాలి? ఒక సిట్టింగు తప్పితే నిజంగా మొదటికి వస్తుందా? జీవితాంతం నెలనెలా వెళ్లాలా? తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

పాలమూరు ఫిజియో:

నేతన్నా, నమస్కారం. నేను మహబూబ్‌నగర్‌లో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. మా దగ్గర ట్రాక్షన్ టేబుల్ ఉంది, అవసరమనిపించిన వారికి వాడతాను కూడా. అందుకే యంత్రం ఎంతవరకు పనిచేస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో రెండూ చూస్తున్న మనిషిగా రాస్తున్నాను.

ముందు ఆ టేబుల్ మీద ఏం జరుగుతుందో తెలుసుకోండి. ఛాతీ కింది భాగానికి ఒక బెల్టు, తుంటి పైన ఒక బెల్టు బిగించి పడుకోబెడతారు. టేబుల్ కింది సగం పట్టాల మీద జరుగుతుంది. మోటారు తుంటి బెల్టును కాళ్ల వైపుకు మెల్లగా లాగి, కొంతసేపు పట్టి ఉంచి, కాస్త వదిలి, మళ్లీ లాగుతుంది. ఇలా అరగంట, ముప్పావు గంట సాగుతుంది. లాగే బలం సాధారణంగా మనిషి బరువులో మూడో వంతు నుంచి సగం దాకా ఉంటుంది. అంటే 60 కిలోల మనిషికి 20 నుంచి 30 కిలోలు. డీకంప్రెషన్ అని పేరు పెట్టిన యంత్రాల్లో కంప్యూటరు ఆ బలాన్ని క్షణక్షణం సర్దుతుంది. వీపు కండరాలు ఎదురు బిగుసుకోకుండా చూడటం దాని ఉద్దేశం. ఇది ట్రాక్షన్ కన్నా పూర్తిగా వేరని కొన్ని చోట్ల చెప్తారు గానీ, అమెరికాలో వైద్య పరికరాలను నియంత్రించే ఎఫ్‌డీఏ వీటిని మోటారుతో నడిచే ట్రాక్షన్ పరికరాల తరగతిలోనే ఉంచింది. మీకు నల్లగొండలో చెప్పినదీ, హైదరాబాద్‌లో చెప్పినదీ ఒకే కుటుంబానికి చెందిన చికిత్సలు.

లాగుతున్నంతసేపు డిస్కు లోపలి ఒత్తిడి తగ్గుతుందన్న మాటలో నిజం ఉంది. 1994లో అమెరికాలో రామోస్, మార్టిన్ అనే ఇద్దరు కొద్దిమంది రోగుల డిస్కుల్లో నేరుగా కొలిచి ఆ సంగతి ప్రచురించారు. అయితే టేబుల్ దిగి నిలబడగానే ఒంటి బరువంతా మళ్లీ అదే డిస్కు మీద పడుతుంది. తగ్గిన ఒత్తిడి ఒక సిట్టింగు నుంచి మరో సిట్టింగుకు నిలువ ఉండేది కాదు. కాబట్టి మధ్యలో ఒకటి తప్పితే చేసినదంతా పోతుందన్న భయం పెట్టుకోవద్దు. పోవడానికి అక్కడ పోగుపడినదేమీ ఉండదు. జ్వరం వచ్చినా, ఇంట్లో శుభకార్యం ఉన్నా నిశ్చింతగా మానుకొని, వీలైన రోజు వెళ్లవచ్చు.

ఇక అంకెల విషయానికి వస్తాను. ఐదారు వారాల్లో 20 నుంచి 28 సిట్టింగులు అనే లెక్క ఈ యంత్రాలతో పాటు ప్రచారంలోకి వచ్చిన షెడ్యూలు. ట్రాక్షన్‌ను పక్కన మరో చికిత్సతో పోల్చి పరీక్షించిన అధ్యయనాలు కొన్ని దానిలో సగంతోనే ముగిశాయి. మీలాగే నడుము నుంచి కాలిలోకి నొప్పి దిగిన 120 మంది మీద అమెరికాలో జరిగిన పరీక్ష 2016లో వెలువడింది. సగం మందికి వ్యాయామంతో కూడిన చికిత్స మాత్రమే ఇచ్చారు, మిగతా సగానికి దానితో పాటు యంత్రంతో ట్రాక్షన్ ఇచ్చారు. ఆరు వారాల్లో 12 దాకా సిట్టింగులు. చివరకు రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. 2022లో లాహోర్ నుంచి వచ్చిన మరో పరీక్షలో 60 మందికి నాలుగు వారాల్లో 12 సిట్టింగులు ఇచ్చారు. అందులో మాత్రం మామూలు ఫిజియోథెరపీకి డీకంప్రెషన్ కలిపిన గుంపుకు నొప్పి, కదలిక కొంత మెరుగ్గా కనిపించాయి. అయితే అది చిన్న పరీక్ష, నాలుగు వారాల దగ్గరే కొలిచిన ఫలితం.

పెద్ద చిత్రం ఇలా ఉంది. చికిత్సల మీద జరిగిన పరీక్షలను సమీక్షించే కాక్రేన్ సంస్థ 2013లో 32 పరీక్షలను, వాటిలోని 2,762 మందిని కలిపి చూసి, ట్రాక్షన్ వల్ల నొప్పిలో గానీ, పనిచేసే శక్తిలో గానీ, పనికి తిరిగి వెళ్లడంలో గానీ మార్పు లేదు లేదా అతి తక్కువ అని తేల్చింది. బ్రిటన్‌లో చికిత్సల మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2016 మార్గదర్శకంలో నడుము నొప్పికి, సయాటికాకు (నడుము నుంచి కాలిలోకి దిగే నరం నొప్పికి) ట్రాక్షన్ ఇవ్వవద్దని రాసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో దీర్ఘకాలిక నడుము నొప్పి మీద ఇచ్చిన సూచనల్లో కూడా ట్రాక్షన్‌ను వద్దన్న వాటి జాబితాలో చేర్చింది. వ్యాయామానికి మాత్రం ఈ మార్గదర్శకాలు చోటిచ్చాయి.

ఇవన్నీ చదివిన తరువాత కూడా మీరు చేయించుకోవాలనుకుంటే నేను చెప్పే లెక్క ఇది: రోజు విడిచి రోజు, వారానికి 3, నాలుగు వారాలు, మొత్తం 12 దాటవద్దు. అది కూడా వ్యాయామంతో కలిపి, ఏ సిట్టింగు డబ్బు ఆ సిట్టింగుకే కట్టే పద్ధతిలో. రెండో వారం చివర ఆగి చూసుకోండి. నొప్పి పిక్కను వదిలి తొడకు, తొడను వదిలి నడుముకు వెనక్కి జరుగుతూ ఉంటే అది మంచి సూచన, ఆ సమయంలో నడుములో నొప్పి కాస్త పెరిగినా సరే. ఆగకుండా నడవగలిగే దూరం పెరిగిందా, రాత్రి నిద్ర పట్టిందా అని కూడా చూడండి. వీటిలో ఏ ఒక్కటీ మారకపోతే మిగతా సిట్టింగులు మార్చవు. నొప్పి కాలిలో ఇంకా కిందికి జరిగినా, పాదంలో ఎక్కువైనా ఆ రోజే మానేయండి. నొప్పి తగ్గిన తరువాత నెలకొకసారి వెళ్లాల్సిన అవసరం లేదు.

ఇంకొక మాట. చండూరు నుంచి మునుగోడు, చౌటుప్పల్ మీదుగా హైదరాబాద్ వెళ్లి రావడమంటే పోనురాను బస్సులో గంటల తరబడి కూర్చోవడమే. 1999లో జర్మనీలో విల్కే బృందం ఒక ఆరోగ్యవంతుడి డిస్కులో సెన్సర్ పెట్టి కొలిస్తే, వెల్లకిలా పడుకున్నప్పుడు ఒత్తిడి 0.1 మెగాపాస్కల్, నిలబడినప్పుడు 0.5, ముందుకు వంగి కూర్చున్నప్పుడు 0.83 వచ్చింది. అరగంట లాగించుకోవడానికి వెళ్లి, అంతకు ఎన్నో రెట్లు సేపు ముందు సీటు కడ్డీ పట్టుకొని వంగి కూర్చుంటే డిస్కుకు మిగిలేది ఏమిటో మీరే ఆలోచించండి. ఇంట్లో రోజుకు రెండు మూడు సార్లు, మోకాళ్ల కింద దిండు పెట్టుకొని పావుగంట పడుకోవడం ఖర్చు లేకుండా డిస్కు మీది బరువు దించే పద్ధతి. అది రోజుకు ఎన్నిసార్లయినా చేయవచ్చు.

మర్రిగూడ ఆడబిడ్డ:

నేతన్నకు నమస్కారం. ఫిజియో గారు చెప్పిన వాటికి మన ప్రాంతం వాళ్లు తప్పనిసరిగా కలుపుకోవలసిన సంగతి ఒకటి ఉంది కాబట్టి రాస్తున్నాను. మీది చండూరు అన్నారు, మాది మర్రిగూడ. మునుగోడు, నాంపల్లి, నారాయణపూర్, చౌటుప్పల్ వైపు వాళ్లందరిలాగే మనమూ కృష్ణా నీళ్లు రాకముందు బోరు నీళ్లు తాగి పెరిగినవాళ్లమే. ఇప్పుడు నల్లా నీళ్లు తాగుతున్నా, ఇరవై ముప్పై ఏళ్లు ఎముకల్లో చేరిన ఫ్లోరైడు అంత తొందరగా వదిలిపోదు.

మా అమ్మకు నడుము పట్టేసి, రెండు కాళ్లు తిమ్మిరెక్కుతుంటే ఒక ప్రైవేటు క్లినిక్‌లో డిస్కు అనుకొని ట్రాక్షన్ పెట్టారు. ముందుగా ఒక్క ఎక్స్‌రే కూడా తీయలేదు. పెట్టినకొద్దీ నొప్పి ఎక్కువై, ఆమె మంచం మీద పక్కకు తిరగడానికి కూడా ఇబ్బంది పడింది. తరువాత హైదరాబాద్‌లో ఒక ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుపోతే, అక్కడి పెద్ద డాక్టరు గారు మా ఊరి పేరు వినగానే పరీక్ష మొదలుపెట్టిన తీరే వేరుగా ఉంది. నేల మీద ఒక రూపాయి బిళ్ల వేసి మోకాళ్లు వంచకుండా తీయమన్నారు. గడ్డం ఛాతీకి ఆనించమన్నారు. రెండు చేతులు మెడ వెనక్కి పెట్టమన్నారు. మా అమ్మ మూడింటిలో ఏ ఒక్కటీ చేయలేకపోయింది. అప్పుడు నడుముతో పాటు ముంజేతికి కూడా ఎక్స్‌రే రాశారు. నడుము నొప్పికి చేయి ఫొటో ఎందుకని మాకు అనుమానం వచ్చింది. ఫిల్మ్‌ను దీపం పెట్టెకు తగిలించి ఆయనే చూపించారు: ముంజేతిలోని రెండు ఎముకల మధ్య ఉండే పలుచని పొర అక్కడక్కడ ముళ్లలాగా గట్టిపడి తెల్లగా కనిపించింది. ఫ్లోరోసిస్ ఎముకలకు పట్టిందనడానికి అది గుర్తు అన్నారు.

ఆయన చెప్పిన దాని సారం ఇది. ఫ్లోరోసిస్‌లో ఎముక చూడటానికి చిక్కగా ఉన్నా పెళుసుబారుతుంది. వెన్నుపూసలను కలిపి ఉంచే పట్టీలు సున్నం పట్టి ఎముకలాగా మారతాయి, లోపలి నుంచి నరాల దారి ఇరుకవుతుంది. అలాంటి వెన్నును యంత్రంతో లాగడమంటే ఎండిన వేప కొమ్మను వంచి చూడటమే. సాగదు, విరిగే ప్రమాదం మాత్రం ఉంటుంది. ఆమెకు వారానికి ఎన్నిసార్లు అన్న ప్రశ్నే లేదు, ఒక్కసారి కూడా పెట్టకూడదు.

మీకు అలా ఉందని నేను అనడం లేదు అన్నా. మీ వయసు తక్కువ, ఎమ్మారైలో డిస్కు అని స్పష్టంగా రాశారు. అయినా మీ పళ్ల మీద చిన్నప్పటి నుంచి పసుపు, గోధుమ రంగు చారలు ఉన్నాయా, మెడ గానీ భుజాలు గానీ బిగుసుకుంటున్నాయా చూసుకోండి. ఎవరు ట్రాక్షన్ పెడతామన్నా మునుగోడు వైపు మనిషినని, ముందు ఎక్స్‌రే చూడమని గట్టిగా అడగండి.

వనపర్తి లారీ డ్రైవరు:

నేతన్నకు, ఇతర మిత్రులకు నమస్కారం. నేను ఈ చికిత్స చేయించుకున్నవాణ్ని, నాకు మేలు జరిగింది. ఆ పక్షం కూడా ఇక్కడ ఉండాలని రాస్తున్నాను. లారీ నడిపే వాళ్లకు ఈ నొప్పి ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. ఒక దశలో క్లచ్ తొక్కడానికి కాలు లేవలేదు. మా ఊరి దగ్గరే టేబుల్ ఉన్న చోట వారానికి మూడుసార్ల చొప్పున నెల రోజులు వెళ్లాను.

టేబుల్ మీద ఉన్నంతసేపు కాలి నొప్పి పూర్తిగా పోయేది. దిగిన తరువాత కొన్ని గంటలు తేలికగా ఉండేది. మొదట్లో సాయంత్రానికి తిరిగి వచ్చేది, పోనుపోను తక్కువగా వచ్చింది. కాక్రేన్, డబ్ల్యూహెచ్‌ఓ ఏమన్నా సరే, వారాల తరబడి నిద్ర లేని మనిషికి ఆ కొన్ని గంటల ఉపశమనం చిన్న విషయం కాదని నేను మనస్ఫూర్తిగా చెప్పగలను. ఆ తేలికదనం ఉన్న గంటల్లోనే నేను వ్యాయామాలు చేయగలిగాను, అంతకు ముందు బోర్లా పడుకోవడం కూడా నా వల్ల అయ్యేది కాదు.

అదే సమయంలో ఓనరుకు చెప్పి బండి దిగి ఉన్నాను, రోజూ పొద్దున చెరువు కట్ట మీద నడిచాను. కాబట్టి తగ్గింది దేనివల్ల అంటే మూడూ కలిసి అంటాను. నెలనెలా రమ్మని నాకూ చెప్పారు, నేను వెళ్లలేదు, వ్యాయామం మాత్రం వదలలేదు. నేతన్నా, మీకు దగ్గరలో ఉంటే కొద్ది సిట్టింగులు చూడటంలో తప్పు లేదు. హైదరాబాద్ దాకా వారానికి ఐదుసార్లు తిరగడం మాత్రం వద్దని నా సలహా.

పాలమూరు ఫిజియో:

డ్రైవరు గారి మాటను నేను కాదనను. కొన్ని గంటల ఉపశమనాన్ని వ్యాయామానికి వాడుకోవడమే ఈ యంత్రానికి ఉన్న సరైన ఉపయోగం, నేను పెట్టేది కూడా అందుకే. అయితే ఒక విషయం గుర్తుంచుకోవాలి. డిస్కు వల్ల వచ్చిన కాలి నొప్పి ఆరు నుంచి పన్నెండు వారాల్లో చాలామందికి ఏ చికిత్స లేకపోయినా బాగా తగ్గుతుంది. బయటికి వచ్చిన డిస్కును శరీరమే మెల్లగా కరిగించుకుంటుంది. 2015లో పాత అధ్యయనాలను క్రోడీకరించినప్పుడు, తెగి విడిపోయిన డిస్కు ముక్కలు 96 శాతం మందిలోనూ, బయటికి పూర్తిగా చొచ్చుకువచ్చినవి 70 శాతం మందిలోనూ, పాక్షికంగా పొడుచుకువచ్చినవి 41 శాతం మందిలోనూ, కేవలం ఉబ్బినవి 13 శాతం మందిలోనూ తమంతట తామే కుదించుకుపోయాయని తేలింది. ఆరు వారాల ప్యాకేజీ సరిగ్గా ఈ కాలంలోనే నడుస్తుంది కాబట్టి ఘనత యంత్రానికి చేరుతుంది. నేతన్న బావగారి విషయంలో కూడా ఇదే జరిగి ఉండవచ్చు.

ఆ 13 శాతం చూసి నేతన్న దిగులు పడవద్దు. ఉబ్బు అలాగే ఉన్నా నొప్పి పోతుంది. ఏ నొప్పీ లేని వాళ్లకు స్కాన్ తీసిన అధ్యయనాలను 2015లోనే మరో బృందం కలిపి చూస్తే, 40 ఏళ్ల వయసు వారిలో సగం మందికి డిస్కు ఉబ్బు ఉంది. కోర్సు అయ్యాక మళ్లీ ఎమ్మారై తీయించి ఉబ్బు తగ్గిందా లేదా అని చూసుకోవడం అనవసరమైన ఖర్చు.

మర్రిగూడ చెల్లెమ్మ చెప్పినది చాలా విలువైన మాట, నేను మొదటే రాయవలసినది ఆమె రాశారు. ఫ్లోరోసిస్ ఒక్కటే కాదు. వెన్నుపూస విరిగినా, ఎముకలు గుల్లబారినా, వెన్నులో టీబీ గానీ గడ్డ గానీ ఉన్నా, వెన్నులో రాడ్లు వేసి ఉన్నా, గర్భిణి అయినా, పొట్టలోని పెద్ద రక్తనాళం ఉబ్బి ఉన్నా లాగకూడదు. సాయంత్రం పూట జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, పడుకున్నా తగ్గని రాత్రి నొప్పి ఉన్నవాళ్లకు ముందు టీబీ పరీక్ష చేయించాలి.

మూత్రం బొట్లు బొట్లుగా రావడం లేదా అసలు రాకపోవడం, మలం మీద అదుపు తప్పడం, సైకిల్ సీటు తగిలే చోట స్పర్శ పోవడం, పాదం పైకి ఎత్తలేక నేలకు ఈడ్చుకుపోవడం, వీటిలో ఏది కనిపించినా టేబుల్ ఎక్కవద్దు. ఆ రాత్రికి రాత్రే పెద్ద ఆసుపత్రికి వెళ్లాలి. అక్కడ గంటల ఆలస్యం కూడా జీవితకాలపు నష్టం తెస్తుంది.

నేతన్నా, రెండు పరీక్షలు ఇంట్లోనే చేసి చెప్పండి. గోడ పట్టుకోకుండా మడమల మీద పది అడుగులు నడవండి. తరువాత బొటనవేలిని పైకి ఎత్తి పట్టుకొని, ఇంకొకరిని కిందికి నొక్కమనండి. ఎడమ వేలు కుడి వేలి కన్నా తొందరగా లొంగిపోతున్నదా చూడండి.

చండూరు నేతకారుడు:

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. మడమల మీద నడవగలుగుతున్నాను. బొటనవేలు మాత్రం ఎడమది కొంచెం తొందరగా లొంగుతున్నదని మా ఇంటావిడ చెప్పింది. మూత్రం విషయంలో ఏ ఇబ్బందీ లేదు. గడ్డం ఛాతీకి ఆనుతున్నది, చేతులు మెడ వెనక్కి వెళ్తున్నాయి. అయితే నా పళ్ల మీద, మా అన్నదమ్ములందరి పళ్ల మీద గోధుమ రంగు చారలు చిన్నప్పటి నుంచీ ఉన్నాయి. అందుకని నడుము, ముంజేయి ఎక్స్‌రేలు తీయించుకోవాలని నిర్ణయించుకున్నాను, హైదరాబాద్ కేంద్రానికి డబ్బు కట్టడం ఆపేశాను.

నాకు మిగిలిన ప్రశ్న మగ్గం గురించి. పూర్తిగా మానుకొని మంచం మీద ఉండమని కొందరు, మెల్లగా నేసుకోమని కొందరు అంటున్నారు. గుంట మగ్గం మీద కూర్చుంటే కాళ్లు గుంటలో ఉంటాయి, నడుముకు వెనుక ఆనుడు ఉండదు, నాడె విసిరేటప్పుడూ, పోగును బిగించడానికి అచ్చు కొట్టేటప్పుడూ ముందుకు వంగక తప్పదు. ఈ పనిని ఎలా సర్దుకోవాలో, ఎక్స్‌రే ఎక్కడ చూపించుకుంటే మంచిదో చెప్పగలరు.

పాలమూరు ఫిజియో:

మంచం పట్టవద్దు అన్నా. రోజంతా పడుకుంటే కండరాలు బలహీనపడి కోలుకోవడం ఆలస్యమవుతుంది. నొప్పి పెంచే పనిని తగ్గించి, పెంచని పనిని కొనసాగించడమే పద్ధతి. నడక మీకు నొప్పి పెంచకపోతే రోజుకు రెండు పూటలా నడవండి.

మీ బొటనవేలి బలహీనత కొద్దిగానే ఉంది, అయినా దాన్ని వారానికొకసారి అదే మనిషితో అదే విధంగా చూపించుకోండి. పెరుగుతున్నట్లు అనిపిస్తే సిట్టింగుల ఆలోచన పక్కన పెట్టి వెంటనే ఎముకల డాక్టరుకో, నరాల సర్జన్‌కో చూపించాలి. బలం తగ్గకుండా నొప్పి ఒక్కటే మూడు నెలలు దాటినా వదలకపోతే అప్పుడు ఆపరేషన్ గురించి నెమ్మదిగా మాట్లాడుకోవచ్చు.

మగ్గం విషయానికి వస్తే, మా దగ్గరికి గద్వాల, నారాయణపేట వైపు నేత పనివాళ్లు వస్తుంటారు కాబట్టి కొంత చూశాను. కూర్చునే చెక్క మీద మడిచిన బొంత వేసి, వెనుకవైపు కాస్త ఎత్తుగా, ముందు వైపు పల్లంగా ఉండేలా సర్దుకోండి. తుంటి మోకాళ్ల కన్నా పైకి ఉంటే నడుము తనంతట తాను నిటారవుతుంది. చెక్కను నేసే బట్టకు ఎంత దగ్గరగా జరపగలిగితే అంత దగ్గరగా జరపండి, అప్పుడు అచ్చు అందుకోవడానికి వంగడం తగ్గుతుంది. అరగంటకొకసారి గుంటలో నుంచి లేచి, రెండు చేతులు నడుము మీద పెట్టుకొని నాలుగైదు సార్లు వెనక్కి వాలండి, అటూ ఇటూ కాస్త నడవండి. పోగు తెగినప్పుడు అతికే పనిని వంగి చేయకుండా లేచి చేయగలిగితే అదే మీకు విరామం. పడుగు చుట్టిన దోనెను ఎత్తే పని మూడు నెలలు ఇంకొకరికి అప్పగించండి. విల్కే కొలతల్లో 20 కిలోల బరువును నడుము వంచి ఎత్తినప్పుడు డిస్కు ఒత్తిడి 2.3 మెగాపాస్కల్ దాకా వెళ్లింది, నిలబడిన దానికి నాలుగు రెట్ల పైమాట.

ఎక్స్‌రేకు నల్లగొండ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి మీకు దగ్గర. అక్కడ అనుమానం తీరకపోతే బీబీనగర్ ఎయిమ్స్‌కు వెళ్లండి. నల్లగొండ నుంచి సికింద్రాబాద్ వెళ్లే రైలు మార్గం బీబీనగర్ మీదుగానే పోతుంది, రైల్లో లేచి నిలబడే వీలుంటుంది కాబట్టి బస్సు కన్నా మీ నడుముకు నయం. ఎమ్మారై ఫిల్మ్‌లు, రిపోర్టు రెండూ వెంట తీసుకుపోండి, ఏ ఊరి నీళ్లు ఎన్నేళ్లు తాగారో డాక్టరు అడగకముందే చెప్పండి.

ఎక్స్‌రే రిపోర్టు వచ్చాక అందులో రాసినది ఉన్నది ఉన్నట్లు ఇక్కడ పెట్టండి. ముంజేతిలో, నడుములో ఫ్లోరోసిస్ గుర్తులు లేకపోతే, బోర్లా పడుకొని మోచేతుల మీద లేచే వ్యాయామంతో ఆ రోజే మొదలు పెట్టవచ్చు: రెండు గంటలకొకసారి, ఒక్కో విడతకు పది సార్లు, కాలి నొప్పి నడుము వైపుకు జరుగుతున్నంతవరకు. నల్లగొండలోనే రోజు విడిచి రోజు ట్రాక్షన్ పెట్టించుకోవాలా అన్నది రెండు వారాల వ్యాయామం తరువాత చూద్దాం.